చెవిలో దుబాసి: మాట్లాడే యంత్రాలు, మన తెలుగు

విజ్ఞాన కల్పన కథలు రాసేవారికి భాష ఎప్పుడూ ఒక చిక్కే. కథానాయకుడు వేరే గ్రహం మీద దిగుతాడు. అక్కడివారితో మాట్లాడితేగాని కథ నడవదు. వారి భాష నేర్చుకొనేదాకా ఆగే ఓపిక పాఠకుడికి ఉండదు. అందుకని రచయితలు ఒక యంత్రాన్ని కల్పించుకొన్నారు. 1945లో అచ్చయిన ముర్రే లైన్‌స్టర్ కథ ‘ఫస్ట్ కాంటాక్ట్’లో మనుషులకూ అన్యగ్రహవాసులకూ మధ్య మాట కలిపేది ఇటువంటి యంత్రమే. 1966లో అమెరికా టెలివిజనులో మొదలయిన ‘స్టార్ ట్రెక్’ ధారావాహిక దీన్ని ఇంటింటికీ పరిచయం చేసింది. 1978లో డగ్లస్ ఆడమ్స్ బి.బి.సి. రేడియోకు రాసిన హాస్య నాటకంలో యంత్రం కూడా లేదు. చెవిలో ఒక చిన్న చేపను దోపుకొంటే చాలు, ఎవరు ఏ భాషలో మాట్లాడినా అర్థమయిపోతుంది.

ఆ చేప ఇప్పుడు బజారులోకి వచ్చింది. 2017లో గూగుల్ సంస్థ సెల్‌ఫోనుతో కలిసి పనిచేస్తూ ఎదుటివారి మాటను అనువదించి వినిపించే చెవి పరికరాన్ని విడుదల చేసింది. తరవాత మరికొన్ని సంస్థలు అదే దారి పట్టాయి. పరికరం లేకపోయినా మామూలు ఫోనులో తెలుగులో ఒక వాక్యం పలికి, దాన్ని తమిళంలోనో మరాఠీలోనో వినడం ఇప్పుడు కష్టం కాదు. ఈ యంత్రం ఎలా పనిచేస్తుంది, ఎక్కడ తడబడుతుంది, ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాల వెలుపల తరతరాలుగా స్థిరపడిన మన కుటుంబాలకు దీనివల్ల ఒరిగేదేమిటి, పోయేదేమిటి అన్నవి ఈ వ్యాసంలో మేము చర్చించదలచిన విషయాలు.

మనిషి దుబాసి

రెండు భాషల మధ్య నిలబడి మాట చేరవేసేవాణ్ణి మనవాళ్ళు దుబాసి అన్నారు. ద్విభాషి అన్న మాటకు అది వాడుక రూపం. పద్దెనిమిదో శతాబ్దంలో మద్రాసు, పుదుచ్చేరి వంటి ఐరోపావారి స్థావరాల్లో దుబాసి లేనిదే వ్యాపారమూ లేదు, రాజకీయమూ లేదు. పుదుచ్చేరిలో డూప్లే కొలువులో పనిచేసిన ఆనందరంగ పిళ్ళై దుబాసే. ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య కాలిన్ మెకంజీకి కుడిభుజంగా ఉండి శాసనాలూ స్థానిక చరిత్రలూ సేకరించాడు. 1803లో అతడు చిన్నవయసులోనే కన్నుమూస్తే తమ్ముడు లక్ష్మయ్య ఆ పని కొనసాగించాడు.

దుబాసి చేసే పనిని కాస్త విడదీసి చూద్దాం. అతడు మాటను వింటాడు. మాట్లాడినవాడు ఎవరు, వింటున్నవాడు ఎవరు, వారి వరస ఏమిటి అని చూస్తాడు. అర్థం కాకపోతే తిరిగి అడుగుతాడు. ఆ తరవాతే చెబుతాడు. యంత్రం ఈ నాలుగు పనుల్లో వేటిని చేయగలదో గుర్తుంచుకొంటే ముందు చెప్పబోయే విషయమంతా తేలికవుతుంది.

యంత్రం లోపల

మాటను అనువదించే యంత్రంలో సాధారణంగా మూడు అంచెలు ఉంటాయి. మొదటి అంచె ధ్వనిని అక్షరాలుగా మారుస్తుంది. రెండో అంచె ఆ అక్షరాలను వేరే భాషలోకి అనువదిస్తుంది. మూడో అంచె ఆ అనువాదాన్ని గొంతుగా మారుస్తుంది. మూడింటికీ వేరువేరు చరిత్రలు ఉన్నాయి.

ధ్వనిని గుర్తించే పని 1952లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో అంకెలతో మొదలయింది. ‘ఆడ్రీ’ అని పేరు పెట్టిన ఆ యంత్రం తనకు అలవాటయిన గొంతు ఒక్కొక్క అంకెనూ ఆగి ఆగి పలికితే గుర్తుపట్టేది. ఈనాటి పద్ధతి వేరు. ఫోను మన గొంతును సెకనుకు సుమారు 16,000 సార్లు కొలుస్తుంది. ఆ కొలతలను సెకనులో నూరో వంతుకు ఒకటి చొప్పున చిన్న చిన్న ముక్కలుగా తీసుకొని, ఒక్కొక్క ముక్కలో ఏ పౌనఃపున్యాలు ఎంత బలంగా ఉన్నాయో లెక్క కడుతుంది. వేల గంటల రికార్డింగులనూ వాటి లిఖితపాఠాలనూ ముందే జతపరిచి నేర్చుకొన్న యంత్రం, ఈ ముక్కల వరస ఏ అక్షరాల వరస అయి ఉండే అవకాశం ఎక్కువో తేలుస్తుంది. తెలుగులో ‘పలు’, ‘పాలు’ వేరు. ‘గడి’, ‘గడ్డి’ వేరు. అచ్చు నిడివీ హల్లు ఒత్తూ అర్థాన్ని మార్చేస్తాయి. ఇవి మనకు ఒడిలో అబ్బిన విద్య. యంత్రానికి ఇవి ఉదాహరణల వల్లనే రావాలి.

అనువాదం కథ ఇంకా పాఠం చెప్పేది. 1954 జనవరి 7న న్యూయార్కులో జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయమూ ఐ.బి.ఎం. సంస్థా కలిసి ఒక ప్రదర్శన ఇచ్చాయి. 250 పదాలు, 6 వ్యాకరణ సూత్రాలు ఇచ్చిన కంప్యూటరు అరవైకి పైగా రష్యన్ వాక్యాలను ఇంగ్లీషులోకి మార్చింది. కొద్ది ఏళ్ళలో సమస్య పూర్తిగా తీరిపోతుందని పత్రికలు రాశాయి. తీరలేదు. 1966లో అమెరికా ప్రభుత్వం నియమించిన సంఘం, యంత్రానువాదం మనిషి అనువాదం కంటే నెమ్మది, తప్పులు ఎక్కువ, ఖర్చూ ఎక్కువే అని తేల్చింది. ప్రభుత్వ ధనసహాయం బాగా తగ్గిపోయింది.

1980ల చివర ఐ.బి.ఎం. పరిశోధకులు వ్యాకరణ సూత్రాలు రాయడం మానుకొని, కెనడా పార్లమెంటు చర్చల ఇంగ్లీషు, ఫ్రెంచి ప్రతులను పక్కపక్కన పెట్టి, ఏ మాట పక్కన ఏ మాట ఎన్నిసార్లు వస్తోందో లెక్కించే దారి పట్టారు. గత పదేళ్ళలో వచ్చిన మార్పు దానికి కొనసాగింపు. మెదడులోని నాడుల అల్లికను దూరంగా అనుకరించే గణిత నిర్మాణాలు, ముఖ్యంగా 2017లో గూగుల్ పరిశోధకులు ప్రకటించిన ‘ట్రాన్స్‌ఫార్మర్’ అనే నిర్మాణం, వాక్యంలోని ప్రతి మాటకూ మిగతా మాటలన్నిటితో ఉన్న సంబంధాన్ని బేరీజు వేస్తాయి. గూగుల్ అనువాద సేవలోకి తెలుగు, తమిళం, కన్నడం 2011లో వచ్చాయి. 2017లో వాటికి ఈ కొత్త రకం పద్ధతి అందింది. ఒడియా 2020లో గాని చేరలేదు. ఈ వరస చూస్తే ఒక సంగతి బోధపడుతుంది. యంత్రానికి భాష గొప్పదా చిన్నదా అన్నది పట్టదు. ఆ భాషలో దానికి మేత ఎంత దొరికిందన్నదే పడుతుంది.

తెలుగు దగ్గర తడబాటు

మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. ‘రేపు పొద్దున పిల్లల్ని తీసుకొని మీ ఊరికి’ అన్నంతవరకు విన్న యంత్రానికి ఏమీ తెలియదు. తరవాత వచ్చేది ‘వస్తాను’ కావచ్చు, ‘రాను’ కావచ్చు. ఇంగ్లీషులో ఆ ఔను కాదులు వాక్యం మొదట్లోనే చెప్పేయాలి. కాబట్టి ఇంగ్లీషులోకి మార్చే యంత్రం ఆగి వినాలి, లేదా ఊహించి చెప్పి తప్పు చేయాలి. కన్నడం, తమిళం, మరాఠీ, ఒడియాలలోనూ క్రియ చివరే వస్తుంది కాబట్టి, మన మధ్య సాగే అనువాదానికి ఈ బాధ చాలావరకు ఉండనక్కరలేదు. ఇది గుర్తుంచుకోవలసిన విషయం.

ఇక పదాల సంగతి. ‘వెళ్ళాలనుకొంటున్నానని’ అన్నది మనకు ఒకే మాట. అందులో వెళ్ళడం ఉంది, ఆ కోరిక ఉంది, అనుకొనేది నేను అన్న సంగతి ఉంది, ఆ అనుకోవడాన్ని ఇంకెవరికో చెప్పడం ఉంది. ఇటువంటి రూపాలన్నిటినీ ఏ నిఘంటువూ ఇవ్వదు. అందుకే యంత్రాలు పదాన్ని చిన్న తునకలుగా కోసుకొని నేర్చుకొంటాయి. ఆ కోత అన్నివేళలా ప్రకృతి ప్రత్యయాల దగ్గర పడదు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది నానార్థం. ‘మందు తాగాడు’ అన్న రెండు మాటల వాక్యాన్నే తీసుకోండి. జ్వరం వచ్చినవాడు తాగిన మందు వేరు. సాయంకాలం సారా దుకాణంలో తాగిన మందు వేరు. అప్పులపాలైన రైతు చేలో తాగిన పురుగుల మందు వేరు. పరభాషా ప్రాంతంలోని ఒక ఆసుపత్రికి అర్ధరాత్రి ఒక ముసలితల్లి కొడుకును తీసుకొనివచ్చి ఈ రెండు మాటలే అన్నదనుకొందాం. మనిషి దుబాసి అయితే వెంటనే ‘ఏ మందమ్మా?’ అని అడుగుతాడు. యంత్రం సాధారణంగా అడగదు. తాను చూసిన వాక్యాల్లో ఏ అర్థం ఎక్కువసార్లు వచ్చిందో దాన్ని ఎంచుకొని, తడుముకోకుండా, చక్కని గొంతుతో చెప్పేస్తుంది. తప్పు చెప్పినప్పుడు కూడా దాని గొంతులో సందేహం వినిపించదు. పూర్వపు యంత్రం ముక్కలు ముక్కలుగా మాట్లాడేది కనుక దాన్ని నమ్మాలా వద్దా అని మనమే ఆలోచించేవాళ్ళం. కొత్త యంత్రం ధారాళంగా మాట్లాడుతుంది. ఆ ధారాళతను చూసి అర్థమూ సరిగానే ఉంటుందని భ్రమపడడం మనకు సహజం.

ఇంగ్లీషు మీదుగా ప్రయాణం

ఇక్కడ ఒక చిన్న ప్రశ్న వేద్దాం. తమిళానికీ తెలుగుకూ మధ్య యంత్రం నేరుగా నడుస్తుందా? చాలాకాలం నడవలేదు, ఈనాటికీ అన్ని యంత్రాలూ నడవవు. తమిళం–తెలుగు వాక్యాల జతలు తక్కువగా, తమిళం–ఇంగ్లీషు, ఇంగ్లీషు–తెలుగు జతలు ఎక్కువగా దొరుకుతాయి కాబట్టి, ముందు ఇంగ్లీషులోకి వెళ్ళి అక్కడినుంచి తెలుగులోకి దిగడం సులువయిన దారి అయింది. హోసూరునుంచి చిత్తూరుకు లండను మీదుగా వెళ్ళినట్టు.

ఈ చుట్టుదారిలో ఏం పోతుంది? ఈ వ్యాసంలో మేము ‘మేము’ అన్నప్పుడు అందులో చదివేవారు లేరు; ‘మనం’ అన్నప్పుడు ఉన్నారు. తమిళంలోనూ ఈ తేడా ఉంది: ‘నాంగళ్’ అంటే మేము, ‘నామ్’ అంటే మనం. మరాఠీలోనూ ‘ఆమ్హీ’, ‘ఆపణ్’ అని రెండు ఉన్నాయి. ఇంగ్లీషుకు ఒక్క మాటే. తమిళుడు ‘నాంగళ్ పోరోమ్’ అంటే, మీరు రానక్కరలేదు, మేము వెళుతున్నాం అని. అది ఇంగ్లీషులో ‘వుయ్’ అయి, తెలుగులోకి దిగేటప్పుడు ‘మనం’ అయినా కావచ్చు. పిలవని పెళ్ళికి బయలుదేరదీసినట్టే.

అలాగే తమిళంలో ‘అణ్ణన్ వందార్’ అన్నది తెలుగులో ‘అన్న వచ్చారు’. వయసులో పెద్దవాడన్న సంగతీ, గౌరవమూ రెండు భాషల్లోనూ ఉన్నాయి. ఇంగ్లీషు మీదుగా వస్తే ‘సోదరుడు వచ్చాడు’ అని తేలవచ్చు. పెద్దరికమూ పోయింది, మర్యాదా పోయింది. ఇరుగుపొరుగు భాషలు రెండూ దాచుకొన్న సొమ్మును మధ్యవర్తి జారవిడిచాడన్న మాట.

నేరుగా వెళ్ళినంతమాత్రాన అన్నీ చక్కబడవు. ‘నిన్న వచ్చింది’ అని తెలుగులో అంటే వచ్చింది చెల్లెలు కావచ్చు, ఉత్తరం కావచ్చు. కన్నడంలో చెల్లెలయితే ‘బందళు’, ఉత్తరమయితే ‘బంతు’. ఏది ఎంచుకోవాలో ముందు జరిగిన సంభాషణ విన్నవారికే తెలుస్తుంది. బెంగుళూరులో, బళ్ళారిలో, కోలారులో పెరిగిన మన పిల్లలు రోజూ ఆలోచించకుండా చేసే పని ఇది. ఎంత కష్టమైన పని చేస్తున్నారో యంత్రాన్ని చూస్తేగాని తెలియదు.

ఎవరి తెలుగు?

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 8 కోట్ల 11 లక్షల మంది తమ మాతృభాష తెలుగు అని చెప్పారు. అందులో తమిళనాడులో 42 లక్షలు, కర్ణాటకలో 35 లక్షలకు పైగా, మహారాష్ట్రలో 13 లక్షలు, ఒడిశాలో 7 లక్షల మంది ఉన్నారు. ఇంతమంది మాట్లాడే తెలుగు యంత్రం చెవికి ఎంతవరకు చేరింది?

యంత్రానికి దొరికే తెలుగులో అధికభాగం పత్రికలు, వార్తాప్రసారాలు, సినిమాలు, ప్రభుత్వ పత్రాలు. అందులోని భాష మధ్యాంధ్రపు చదువుకొన్నవారి వాడుకకు దగ్గర. ‘వచ్చాడు’ అన్న రూపం దానికి లక్షలసార్లు కనిపించి ఉంటుంది. ‘వచ్చిండు’, ‘వచ్చినాడు’ తక్కువసార్లు. ‘సొరకాయ’ తెలిసినంతగా ‘ఆనపకాయ’ తెలియదు. ఇక షోలాపూరు నేత కుటుంబాల ఇళ్ళలో మరాఠీ కలిసిన తెలుగు, బరంపురంలో ఒడియా కలిసిన తెలుగు, కోవిల్‌పట్టి పల్లెల్లో తమిళపు యాస పట్టిన తెలుగు ఇంకా తక్కువ. ‘ఊట అయిందా?’ అని ఒక బెంగుళూరు పిల్ల అడిగితే, అందులో మొదటిమాట కన్నడమనీ రెండోమాట తెలుగనీ మనకు ఇబ్బంది లేదు. ఒక సమయంలో ఒకే భాష వింటానని కూర్చున్న యంత్రం దాన్ని నీటి ఊట అనుకోవచ్చు.

భాషాశాస్త్ర విద్యార్థికి ఇది కొత్త సమస్య కాదు. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన ‘మాండలిక వృత్తిపదకోశం’ మొదటి సంపుటం, భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో, వ్యవసాయ పదాలను ఊరూరా తిరిగి రైతుల నోటినుంచే సేకరించింది. ఆ సర్వే ఆనాటి ఆంధ్రప్రదేశ్ జిల్లాలకు చేసినది. రాష్ట్రపు పొలిమేర దాటిన తెలుగు దాని పరిధిలోకి రాలేదు. ఇప్పుడు యంత్రాల కోసం జరిగే సేకరణలోనూ ఆ పొలిమేర దగ్గరే పని ఆగిపోతే, మన ఇళ్ళ తెలుగు రెండోసారి లెక్కలోనుంచి జారిపోతుంది.

జారిపోతే నష్టమేమిటని అడగవచ్చు. మనిషికీ యంత్రానికీ మాట కుదరనప్పుడు సర్దుకొనేది మనిషే. అవ్వ చెప్పింది ఫోనుకు అర్థం కాకపోతే మనవడు ‘అలా కాదు, వార్తల్లో చెప్పినట్టు చెప్పు’ అంటాడు. పదిసార్లు అలా అన్నాక అవ్వ ఫోనుతో మాట్లాడడం మానేస్తుంది; మనవడు అవ్వ మాట తప్పు అనుకోవడం మొదలుపెడతాడు. బడీ పత్రికా చేసిన ఒత్తిడికి ఇప్పుడు జేబులోని యంత్రం తోడవుతుంది.

లాభమూ తక్కువది కాదు. మన ప్రాంతాల్లో తెలుగు మాట్లాడగలిగి చదవలేనివారు చాలామంది ఉన్నారు. తమిళనాడులో 2006నాటి చట్టం తమిళాన్ని పదో తరగతిదాకా తప్పనిసరి చేశాక, తెలుగు మొదటి భాషగా చదివే వీలు కుదించుకుపోయింది. భాష చెవిలో ఉంది, చేతిలో లేదు. పలికితే రాసిపెట్టే యంత్రం, రాసినది చదివి వినిపించే యంత్రం ఇటువంటివారికి నిజంగా ఊతకర్ర. తాత రాసిన ఉత్తరాన్ని మనవరాలు వినగలుగుతుంది. ఆ విన్నది కంటితో అక్షరాలను వెంబడిస్తూ వింటే లిపి కూడా కొంత పట్టుబడుతుంది.

మన దేశంలో జరిగిన పని

ఐ.ఐ.టి. కాన్పూరులో మొదలై తరవాత హైదరాబాదులో కొనసాగిన ‘అనుసారక’ పథకాన్ని విద్యార్థులు తప్పక తెలుసుకోవాలి. అక్షర భారతి బృందం పాణినీయ దృక్పథంతో దీన్ని రూపొందించింది. తెలుగు, కన్నడం, మరాఠీ వంటి భాషలనుంచి హిందీలోకి పాఠాన్ని అందించడం దీని తొలి లక్ష్యాల్లో ఒకటి. ఇది ధారాళంగా ఉండాలని పట్టుబట్టలేదు. మూలంలో ఉన్న సమాచారం పోకూడదన్నదే దాని నియమం. ఫలితం మూలభాష నడకలోనే ఉండి కాస్త మొరటుగా కనిపిస్తుంది. మిగిలిన పని పాఠకుడి బుద్ధికి వదిలిపెడుతుంది. ఈనాటి నున్నని అనువాదాల మధ్య ఈ నిజాయితీ విలువ మరింతగా తెలుస్తోంది.

2022 జూలైలో కేంద్రప్రభుత్వం ‘భాషిణి’ కార్యక్రమాన్ని ఆరంభించింది. మద్రాసు ఐ.ఐ.టి.లోని ‘ఏఐ ఫర్ భారత్’ బృందం 2023లో రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషలకూ అనువాద నమూనాలను విడుదల చేసింది. అందులో ఇంగ్లీషు మీదుగా వెళ్ళకుండా భారతీయ భాషల మధ్య నేరుగా అనువదించేవీ ఉన్నాయి. భాషిణిలో ‘భాషాదాన్’ అన్న విభాగం ద్వారా ఎవరైనా తమ గొంతును రికార్డు చేసి ఇవ్వవచ్చు. ఇతరులు పలికినదాన్ని విని సరిచూడవచ్చు.

మన విద్యార్థులు చేయదగిన పని

ముందు పరీక్షించండి. మీ ఇంట్లో పెద్దవారు మామూలుగా అనే ఇరవై వాక్యాలు రాసుకొని, ఫోనుకు వారి చేతనే చెప్పించండి. ఏ మాట దగ్గర యంత్రం తప్పింది, అది ధ్వని తప్పా, పదం తెలియకపోవడమా, అనువాదంలో జారిందా అని మూడు వరసలుగా పట్టిక వేయండి. మేము, మనం, నువ్వు, మీరు, అన్న, తమ్ముడు, వచ్చింది, మందు – ఇవి తప్పక ఉండనివ్వండి. ఇంత పట్టిక ఒక మంచి పరిశోధనా పత్రానికి పునాది అవుతుంది.

తరవాత సేకరించండి. కాని అడగకుండా ఎవరి గొంతూ తీసుకోవద్దు. రికార్డు చేసినది ఎక్కడికి వెళుతుందో, ఎవరు వింటారో వారి మాటల్లోనే చెప్పి ఒప్పుకొంటేనే తీసుకోండి. చాలా పరికరాల్లో మనం పలికిన మాట దూరాన ఉన్న కంప్యూటర్లకు వెళ్ళి తిరిగివస్తుంది. అవ్వ తన జబ్బు గురించి చెప్పుకొన్న మాటలు ఊరి పొలిమేర దాటాలో లేదో తేల్చవలసినది అవ్వే.

చివరగా, పక్కవారి భాష నేర్చుకోవడం మానవద్దు. వైద్యమూ, న్యాయస్థానమూ, భూమి దస్తావేజూ వంటివాటిలో యంత్రం చెప్పినదాన్ని రెండు భాషలూ తెలిసిన ఒక మనిషి సరిచూడవలసిందే. తెలుగు ఇంట్లో పెరిగి కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో వీధిలో నేర్చిన మీకంటే ఆ పనికి తగినవారు ఎవరున్నారు? మీ పట్టికలు మాకు పంపితే ప్రాంతాలవారీగా కూర్చి, రాబోయే సంచికల్లో ప్రకటిస్తాము.